ఒంటిచెవి గొర్రె

రాచర్ల,
ఏప్రిల్ 6, 2025

శ్రీదేవి వదినకు,

ఫోను చేసి చేసి విసుక్కోని ఉంటావు. నా ఫోను నా దగ్గర లేదు. మీ తమ్ముడి ఫోను అద్దం పగిలిందని నాది తీసుకోని మందతో అడవి అంచుకు పోయినాడు. వానలు పడి మంద తిరిగొచ్చేదాకా నీతో మాట్లాడాలంటే ఇంక ఈ కాగితమే. ఇంటర్ పరీక్షల తర్వాత ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే నవ్వుకో.

అత్త బాగుంది. నువ్వు పంపిన మోకాళ్ళ నూనె కంపు కొడతాందని రోజూ తిడతది, రోజూ పూయించుకుంటది.

ఈ ఏడు మందలో ఎనభై రెండు గొర్రెలు. మావి ముప్పై, మిగతావి ఊళ్ళోవాళ్ళు మేపమని అప్పగించినవి. వెంకటసుబ్బులమ్మ పెద్దమ్మవి ఆరు ఉండాయి. మొగుడు పోయినాక ఆమెకు ఉండేది ఆ ఆరే. మొన్న మీ తమ్ముడు బియ్యానికి వచ్చి రెండు చెవులు ఇచ్చినాడు. మంద మీద అడవి రేసుకుక్కలు పడినాయంట. రెండూ పెద్దమ్మ గొర్రెలవే. నేనే తీసుకపోయి చూపించినా. ఆమె చెవి మీద వాళ్ళ గుర్తు గాటు తడిమి చూసుకోని, "మాదే తల్లీ" అని గూట్లో పెట్టుకున్నది. ఇంకో మాట అడగలేదు. మామ కాలం నుంచి మన ఇంటి మీద అంత నమ్మకం.

అసలు నిన్ను అడగాలనుకున్నది వేరే. మీ తమ్ముడు కొత్తగా ఒక పని చెప్పినాడు. రోజూ టీ దుకాణంలో పేపరు తీసుకోని, ఆటల పేజీలో 'ఈరోజు పదకొండు' అని ఒక పెట్టె వస్తది, అది కత్తిరించి దాయమన్నాడు. ఎందుకని అడిగితే లెక్క చూసుకోవాలంటాడు. దాన్ని 'క్రికెట్ మాస్టారు' అని ఎవరో రాస్తారు. నిన్నటిది నీకు పంపిస్తున్నా. ఏ ఆటగాణ్ణి కెప్టెన్‌గా పెట్టుకోవాల్నో చెప్తూ, "ఈరోజు మందలో ముందు నడిచే పొట్టేలు ఇతనే" అని రాసినాడు చూడు. పేపరోళ్ళకు గొర్రెల సంగతి కూడా తెలుసే అని అత్తా నేనూ నవ్వుకున్నాం. నువ్వు పేపరు వాళ్ళకు ఏవో అనువాదాలు చేస్తావు గదా. ఈ పెట్టె ఏంది వదినా?

గోపిక

*

మార్కాపురం,
ఏప్రిల్ 14, 2025

గోపికకు,

ఉత్తరం చూసి చాలా సంతోషించాను. తప్పులేమీ లేవు. ఉన్నా నేను దిద్దను. పాఠాలు చెప్పడం మానేసి మూడేళ్ళయింది.

ఇక్కడ నీళ్ళ ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తోంది. పలకల ఫ్యాక్టరీ మూతపడ్డాక మీ అన్న బాలకృష్ణ పొద్దున్నే బిందెలు వరసలో పెట్టి రావడాన్నే ఉద్యోగంగా చేసుకున్నారు. నవ్వుతూ రాస్తున్నాను కాని, ఇంట్లో ఇప్పుడు వచ్చేది నా అనువాదాల మీదే.

నువ్వు అడిగిన పెట్టె గురించి. మ్యాచ్ మొదలయ్యే ముందు రెండు జట్లలోంచి పదకొండుమందిని ఎంచుకుని, ఒక యాప్‌లో డబ్బు కట్టి ఆడే ఆట అది. మనం ఎంచుకున్నవాళ్ళు బాగా ఆడితే మనకు పాయింట్లు వస్తాయి. ఎవరిని ఎంచుకోవాలో ఆ పెట్టె చెబుతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఇది చట్టప్రకారం చెల్లుతుంది, కర్ణాటకలో చెల్లుతుంది. మన రాష్ట్రంలో చెల్లదు. అదే పేజీ అడుగున ఉన్న ప్రకటనలో, చీమ తలంత అక్షరాల్లో, ఆంధ్రప్రదేశ్ వాళ్ళకు ఇది వర్తించదని ఉంటుంది. వర్తించని ఊళ్ళో ఆ పేపరు ఎందుకు పంచుతారో వాళ్ళనే అడగాలి.

ధనుంజయ ఊరికే సరదాకి చూస్తున్నాడేమో. పేపరు చదివే అలవాటు మంచిదే కదా. అలా అని రాసి, మంచిదేనా అని ఇప్పుడే అనుమానం వచ్చింది. కొట్టేయకుండా వదిలేస్తున్నాను.

చెవుల సంగతి చదివితే నాయన గుర్తొచ్చాడు. ఏ ఇంటి గొర్రె పోయినా చెవి కోసి, ఉప్పు రాసి, తువ్వాలులో కట్టుకుని తెచ్చేవాడు. చెవి లేకుండా వస్తే అమ్ముకున్నట్టే లెక్క. ఒకసారి వాగులో కొట్టుకుపోయిన గొర్రె కోసం రెండు రోజులు గట్టు వెంట తిరిగి, దొరికిన చెవి తీసుకుని జ్వరంతో ఇంటికి వచ్చాడు. ఎవరితోనైనా పంపవచ్చు కదా అని అమ్మ అరిచింది. "చెవి తెచ్చేది నేను, పోగొట్టింది నేను" అన్నాడు నాయన.

శ్రీదేవి

*

రాచర్ల,
ఏప్రిల్ 27, 2025

వదినా,

సరదాకి కాదు. మీ తమ్ముడు ఆడుతుండాడు. మొన్న మంగళవారం వచ్చినప్పుడు నేనే అడిగేసినా, మన రాష్ట్రంలో చెల్లదంట గదా అని. నవ్వి, "నేను రాచర్లలో ఉంటే ఏంది, నా ఫోను బళ్ళారిలో ఉండాది" అన్నాడు. గిద్దలూరులో ఒక సెల్‌ఫోన్ దుకాణంలో అట్ల మార్చి ఇస్తారంట. నా ఫోను నన్ను ఈడనే వదిలేసి బళ్ళారి పోయింది. నేను ఒంగోలు దాటి పోలేదు.

అడవి అంచున కాపరులు నలుగురైదుగురు కూడి ఆడుతుండారంట. గెలిచిన రోజు ఫోటో తీసి గ్రూపులో పెట్టుకుంటారు. ఓడిన రోజు ఎవరూ ఏమీ పెట్టరు. టీవీలో ఆట మధ్యలో పెద్ద పెద్ద ఆటగాళ్ళే వచ్చి ఆడమని చెప్తుంటే తప్పు ఎట్లయితది అంటాడు. పేపర్లో మాస్టారు కూడా రాస్తుండాడు గదా అంటాడు.

నాకు ఇంకో దిగులు ఉండాది. ఆ మంగళవారమే మూడు చెవులు తెచ్చినాడు. ముందు రెండు, తర్వాత రెండు, ఇప్పుడు మూడు. పెద్దమ్మవి నాలుగు పోయినాయి, ఇంక రెండే. మామ తెచ్చిన చెవులు నేనూ చూసినా వదినా. కుక్కలు పడిన గొర్రె చెవి సగం చినిగి ఉంటది, చర్మం వేలాడతా ఉంటది. ఇవి కత్తెరతో కత్తిరించినట్టు ఉండాయి. నేను పేపర్లో పెట్టె కత్తిరించినట్టే.

ఇంకేమీ అనుకోవడం లేదు. నీకు చెప్పాలనిపించింది, అంతే.

గోపిక

*

మార్కాపురం,
మే 7, 2025

గోపికకు,

నీ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

తొందరపడి ఎవరితోనూ ఏమీ అనవద్దు. ముందు ధనుంజయనే నెమ్మదిగా అడుగు. వాడు అబద్ధం చెప్పేటప్పుడు ముక్కు రుద్దుకుంటాడు, చిన్నప్పటి నుంచి అంతే. మన అనుమానం తప్పయితే, ఊళ్ళో ఒకసారి పడిన మాట మళ్ళీ పోదు. నిజమే అయితే, అప్పుడు ఆలోచిద్దాం. ఈ సలహా నీ కోసం ఇస్తున్నానో నా కోసం ఇస్తున్నానో నాకే స్పష్టంగా లేదు.

ఆ పెట్టె రాసే మనిషిని నేను ఎరుగుదును. మాస్టారు కాదు, ఆడమనిషి. జీవితంలో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. సాయంత్రం విజయవాడ డెస్క్ నుంచి జాకబ్ అనే సబ్ ఎడిటర్ ఇంగ్లీషులో ఒక షీటు పంపుతాడు. దాన్ని ఆ యాప్ వాళ్ళే తయారుచేసి ఇస్తారని ఆమెకు తెలుసు. గంటలో దాన్ని తెలుగు చేసి పంపాలి. మరీ పొడిగా ఉంది, ఊరి వాసన రావాలి మేడమ్ అని జాకబ్ అంటే, నాలుగు మాటలు అద్దుతుంది. ఎవరు చదువుతారో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. చదువుకున్నవాళ్ళు, పట్నాల్లో, ఎక్కడో ఉంటారనుకుంది.

మంచిదే, చెడ్డది కాదు ఆ మనిషి. అంతకంటే ఎక్కువ చెప్పలేను.

అమ్మను అడిగానని చెప్పు.

శ్రీదేవి

*

రాచర్ల,
మే 23, 2025

వదినా,

నువ్వు చెప్పినట్టే మీ తమ్ముణ్ణి నెమ్మదిగా అడిగినా. ముక్కు రుద్దుకున్నాడు.

ఈ మధ్య సరిహద్దులో గొడవలని వారం పైన ఐపీఎల్ ఆటలు ఆపినారు గదా. ఆ వారమంతా ఒక్క చెవి రాలేదు. ఆటలు ఆగితే రేసుకుక్కలు కూడా ఆగినాయి. మళ్ళా ఆటలు మొదలైనాయి, మొన్న రెండు చెవులు వచ్చినాయి.

నేను అత్తకు మందులని చెప్పి కంభం పోయినా. సంత రోజు. గొర్రెల దళారి ఒకాయన దగ్గర ముప్పై, నలభై ఉండాయి. వాటిల్లో కొన్నిటికి ఎడమ చెవి లేదు. నేను చూస్తుండానని ఆయన, "చెవి లేనివి తక్కువకే ఇస్తానమ్మా, కూరకు చెవితో పనేముంది" అన్నాడు. ఎందుకు కోసినారని అడిగినా. "అడవి దిక్కున ఏదో తెగులంట. అమ్మినాయన అట్ల చెప్పినాడు. నేను తెగులు కొనలేదు, గొర్రెను కొన్నా" అన్నాడు.

ఆ మందలో చుక్క ఉండాది వదినా. నుదుట తెల్ల మచ్చ. తల్లి చస్తే సీసాతో పాలు పట్టి నేనే సాకినా, వెంకటసుబ్బులమ్మ పెద్దమ్మ గొర్రె. దాని చెవి పెద్దమ్మ గూట్లో ఉండాది. నేను నాలుక ఒత్తి పిలిచినా. తల తిప్పి, అన్నిటినీ తోసుకోని నా దగ్గరికి వచ్చింది. తెగిన పక్క ఇంకా మానలేదు, ఈగలు వాలుతుండాయి. నా చేతిసంచి నాకింది. దాన్ని కొనుక్కోని వచ్చే స్తోమత నాకు లేదు. "దీనికి నువ్వు తెలుసు మాదిరుందే" అని దళారి అన్నాడు. లేదని చెప్పి వచ్చేసినా.

వానలు పడితే మంద ఊరికి వస్తది. ఊరి పెద్ద నాగయ్య తాత ముందర అందరి గొర్రెలూ లెక్క పెడతారు, పోయినవాటికి చెవులు చూపించాల. ఆ రోజు నేను నోరు మూసుకుంటే పెద్దమ్మ ఆ నాలుగు చెవులూ పట్టుకోని ఇంటికి పోతది, మమ్మల్ని ఒక్క మాట అనదు. నోరు తెరిస్తే మన ఇంటికి ఇంక జన్మలో ఎవరూ గొర్రెను అప్పగించరు. మీ తమ్ముడికి వేరే పని రాదు. అత్త తల ఎత్తుకోలేదు. ఏం చేయమంటావో ఈసారి తిన్నగా చెప్పు.

ఆ పెట్టె రాసే ఆమెకు కూడా ఒక మాట చెప్పు. ఏప్రిల్ పద్దెనిమిదో తారీఖు పెట్టె చుట్టూ మీ తమ్ముడు ఎర్ర పెన్నుతో గీత గీసినాడు. ఆ ఆటకే ఆ మూడు గొర్రెలు పోయినాయి. ఆ రోజు పదకొండు మందినీ ఎట్ల ఎంచిందో అడిగి రాయి.

గోపిక

*

మార్కాపురం,
జూన్ 2, 2025

గోపికకు,

ఆమె నేనే.

నీకు ముందే అర్థమై ఉంటుంది. అర్థమై కూడా నా నోటితోనే రావాలని అలా అడిగావేమో. నాకు ఆ మర్యాద ఇచ్చినందుకు నీకు కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియడం లేదు.

అడిగావు కనుక చెబుతాను. మర్నాడు గుడ్ ఫ్రైడే అని జాకబ్ పదిహేడో తారీఖు మధ్యాహ్నమే ఊరికి వెళ్ళిపోయాడు. షీటు పంపడం మరిచిపోయాడు. ఫోను ఎత్తలేదు. ఏడు గంటలకల్లా పేజీ పూర్తి చేయాలి. పెట్టె ఖాళీగా వదలడానికి లేదు, పక్కనే ప్రకటన ఉంది. రెండు జట్ల పేర్లూ ముందు పెట్టుకుని, చెవికి ఇంపుగా ఉన్న పేర్లు పదకొండు ఏరాను. వాటిలో పొడుగ్గా ఉన్న పేరు ఎంచి, ముందు నడిచే పొట్టేలు ఇతనే అని రాశాను. మర్నాడు ఎవరూ ఏమీ అనలేదు. జాకబ్ వచ్చి, బాగా వచ్చింది మేడమ్ అన్నాడు. నేను కూడా ఆ రోజంతా కొంచెం గర్వంగానే ఉన్నాను. ఇది రాయకుండా ఉండవచ్చు. రాస్తున్నాను.

ఏం చేయాలో తిన్నగా చెప్పమన్నావు. లెక్క రోజున అందరి ముందు కంటే, వెంకటసుబ్బులమ్మ పెద్దమ్మకు ముందే చెప్పు. ఆమెవే ఎక్కువ పోయాయి. ధనుంజయకు నా సంగతి చెప్పాలో వద్దో నీ ఇష్టం. మా అక్కే ముంచిందా అని వాడికి ఇంకో దెబ్బ ఎందుకని నాకు అనిపిస్తోంది. ఇది వాడి మీద ప్రేమో, నా పిరికితనమో.

ఈ పని మానేస్తాను. ఈ నెలలోనే.

శ్రీదేవి

*

రాచర్ల,
జూన్ 30, 2025

శ్రీదేవి వదినకు,

మంద వచ్చింది. నిన్న లెక్క అయింది.

ముందు రోజే పెద్దమ్మ ఇంటికి పోయి అంతా చెప్పినా. చెవులు చూపించి, ఇవి చచ్చిన గొర్రెలవి కాదన్నా. ఆమె చెవులు మళ్ళా గూట్లో పెట్టింది. చుక్కను చూసినావా అని అడిగింది. చూసినా అన్నా. నీ దగ్గరికి వచ్చిందా అంది. వచ్చింది అన్నా. అంతే.

లెక్కలో చెవులు పద్నాలుగు తేలినాయి. అయ్యన్నీ ఊరోళ్ళవి. మా గొర్రెలకు చెవి తేవాల్సిన పని లేదు గదా, మా ముప్పైలో పదకొండే మిగిలినాయి. నాగయ్య తాత చెవులు ఒక పళ్ళెంలో పోసి మీ తమ్ముడి ముందర పెట్టినాడు. నేను మాట్లాడబోతే మీ తమ్ముడే, "కుక్కలు కాదు తాతా, నేనే" అన్నాడు. ముక్కు రుద్దుకోలేదు.

"ఎవురిని నమ్మి ఇంత పని చేసినావురా ధనుంజయా" అన్నాడు తాత.

"మా అక్కను" అన్నాడు.

వదినా, నేను వాళ్ళెవరికీ నీ మాట చెప్పలేదు. మీ తమ్ముడికీ చెప్పలేదు. ఆయనే చెప్పినాడు. "ముందు నడిచే పొట్టేలు అనే మాట మా నాయనది. మా నాయన పోయినంక ఆ మాట అనేది మా అక్క ఒక్కతే. మొదటి రోజు చూసినప్పుడే కనుక్కున్నా. పేరు మార్చుకోని రాస్తాందే, పేపర్లో మా అక్క రాస్తాందే అనుకున్నా. యూనివర్సిటీ చదువు చదివింది, అక్క రాసినంక తప్పు ఉంటదా అనుకున్నా." అట్ల చెప్పినాడు, కోపం లేకుండా. లెక్క చూసుకోవాలని కత్తిరించి దాయమన్నాడని నీకు రాసినా గదా. లెక్కకు కాదు. నువ్వు రాసినవని.

అత్త లేచి లోపలికి పోయింది.

మా పదకొండూ ఊరోళ్ళకు ఇచ్చేసినాం. ఇంకా మూడు తక్కువ పడినాయి. ఆ మూడూ పెద్దమ్మకు రావాల్సినవే, నాలుగింటికి ఒకటే తీసుకోని ఆమె ముందు అందరికీ ఇయ్యి అన్నది. ఎవరి గొర్రెలు వాళ్ళు తోలుకపోయినారు. మన దొడ్డి ఖాళీ. మీ తమ్ముడు నా ఫోను నాకు ఇచ్చి, గిద్దలూరులో సిమెంటు బస్తాలు మోయడానికి పోతుండాడు. పొద్దున ఆటో ఎక్కేటప్పుడు తువ్వాలు భుజాన వేసుకోవడం కూడా మర్చిపోతుండాడు.

ఫోను నా దగ్గర ఉన్నా నేను నీకు చేయను. మాట్లాడితే ఏమంటానో నాకే తెలీదు. నువ్వు రాసినవి అరవై మూడు ఉండాయి, అన్నీ ఈ కవరులో పెట్టినా. నీవి నువ్వు ఉంచుకో.

గోపిక

*

మార్కాపురం,
ఆగస్టు 31, 2025

గోపికకు,

రెండు నెలలు జవాబు రాయలేదు. నువ్వు పంపిన కవరు బియ్యం డబ్బా వెనక ఉంది. రోజూ బియ్యం తీస్తూ చూస్తున్నాను.

జూన్‌లోనే మానేస్తానని రాశాను. మానలేదు. ఇంటి బాడుగ అనుకున్నాను, ఇంకొక్క నెల అనుకున్నాను. పొట్టేలు అనే మాట మాత్రం మానేశాను. అదేదో పెద్ద త్యాగం అన్నట్టు. పది రోజుల కిందట పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. ప్రకటనలు ఆగాయి కనుక పెట్టె ఆగింది. నేను ఆపలేదు. ఇది నువ్వు తెలుసుకోవాలి.

పెట్టె ఆగిన మర్నాడే జాకబ్ ఫోను చేశాడు. ఇప్పుడు ఆటల వల్ల నష్టపోయినవాళ్ళ మీద కథనాలు వేస్తారట. "మీ దిక్కున పొలాలో గొర్రెలో అమ్ముకున్న కుటుంబం ఎవరైనా దొరుకుతారా మేడమ్, ఇంటి ముందు నిలబెట్టి ఒక ఫోటో కావాలి" అన్నాడు. మంచి పిల్లాడే. మొన్నటిదాకా నాకు షీటు పంపింది తనేనని గుర్తున్నట్టు లేదు. లేకపోతే గుర్తుండి కూడా, ఇది వేరే పేజీ కదా అనుకుంటున్నాడేమో. నేనూ అలాగే బతికాను.

దొరికారని చెప్పాను. నా గురించి రాసి పంపాను. నా పేరుతో. గుడ్ ఫ్రైడే ముందు రోజు సంగతి, షీటు ఎవరు ఇచ్చేవారో, చీమ తలంత అక్షరాలు, అన్నీ. మీ ఊరు పేరూ, మీ పేర్లూ రాయలేదు. జాకబ్ రెండు రోజులు ఆలోచించి, "బాగుంది మేడమ్, కాని మన సంగతి మనమే ఎందుకు చెప్పుకోవడం" అన్నాడు. వేయరు. నాకూ ఇక పని లేదన్నట్టే. పక్కవీధి ట్యూషన్ సెంటర్లో పదో తరగతికి తెలుగు చెప్పమన్నారు, చేరుతున్నాను.

ఆ రాసినది ఈ ఉత్తరంతో పెడుతున్నాను. నాలుగు పేజీలు. వీలైతే వెంకటసుబ్బులమ్మ పెద్దమ్మకు చదివి వినిపించు. ఆమె క్షమించాలని కాదు. ఎవరికో ఒకరికి చేరాలి కదా అని. ధనుంజయకు నేను ఏమి రాయాలో నాకు తెలియడం లేదు. వాడు నన్ను తిట్టి ఉంటే రాయడం సులువయ్యేది.

శ్రీదేవి

*

రాచర్ల,
సెప్టెంబరు 12, 2025

వదినా,

నువ్వు పంపినది ముందు నేను చదువుకున్నా. తర్వాత మీ తమ్ముడికి ఇచ్చినా. అరుగు మీద కూర్చోని నిదానంగా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజులకు గాని తిరిగి ఇవ్వలేదు. "అక్క బాగనే రాసింది" అన్నాడు. ఫోనులో ఆటలు ఇప్పుడు రావడం లేదు గాని, కాపరుల్లో ఒకాయన చేతితో చీటీలు రాసి ఆడించబోతే మీ తమ్ముడు అక్కణ్ణుంచి లేచి వచ్చినాడంట. నాగయ్య తాత చెప్పినాడు. ఎన్నాళ్ళు లేచి వస్తాడో నాకు తెలీదు. తెలుసని నీకు రాయను.

ఆదివారం పెద్దమ్మ ఇంటికి పోయి నాలుగు పేజీలూ చదివి వినిపించినా. ఆమె చింతపండు గింజలు తీస్తా విన్నది. మధ్యలో ఒకచోట ఆపమని, ఆ పేర్లు ఎంచిన సంగతి మళ్ళా చదవమన్నది. మళ్ళా చదివినా. అయిపోయినంక కాగితాలు చేతిలోకి తీసుకోని ముందూ వెనకా తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదని నీకు తెలుసు. గాటు తడిమినట్టే కాగితం అంచు వేలితో తడిమింది.

"ఓబులయ్య కూతురేనా ఇది రాసింది" అని అడిగింది.

అవునన్నా.

"పోస్టులో పంపిందా?"

అవునన్నా.

"చెవి ఎవురన్నా పోస్టులో పంపుతారా తల్లీ" అన్నది.

కాగితాలు నాకే ఇచ్చేసింది. అవి నీకు వెనక్కి పంపిస్తున్నా. నీ దగ్గర కవరులో ఉన్న అరవై మూడు కూడా కలుపుకో. మార్కాపురం నుంచి పొద్దున ఎనిమిదింటికి గిద్దలూరు బస్సు ఉండాది. గిద్దలూరులో రాచర్ల ఆటోలు గాంధీ బొమ్మ దగ్గర దొరుకుతాయి. పెద్దమ్మ మధ్యాహ్నం వరకు ఇంట్లోనే ఉంటది, ఎండ తగ్గినాక తనకు మిగిలిన మూడు గొర్రెలను మేపడానికి పోతది.

గోపిక